ఢిల్లీ బండి కూడా నాగపూర్‌లో ఆగుతుంది: నిర్బంధం కేసుల్లో ముందు ఏ కోర్టుకు వెళ్లాలి?

కింది కోర్టుకు వెళ్లకుండా నేరుగా పై కోర్టు తలుపు తట్టవచ్చా? ఈ పాత ప్రశ్న మళ్లీ చర్చకు వచ్చింది. 2025 సెప్టెంబరులో కేరళ నుంచి వెళ్లిన ఒక కేసు విచారిస్తూ, అక్కడి హైకోర్టు సెషన్స్ కోర్టుతో పని లేకుండా ముందస్తు బెయిల్ దరఖాస్తులను నేరుగా తీసుకుంటున్న పద్ధతిపై సుప్రీంకోర్టు అభ్యంతరం తెలిపింది. కొత్త నేర ప్రక్రియ చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 482వ సెక్షన్ కింద ఆ అధికారాన్ని సెషన్స్ కోర్టుకూ హైకోర్టుకూ సమానంగానే ఇచ్చింది. అధికారం ఇద్దరికీ ఉన్నా, ముందు కిందికి వెళ్లి తీరాలా అన్నది తేల్చడానికి ఆ విషయాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపారు.

ఇది వకీళ్ల మధ్య వాదన మాత్రమే అనుకుంటే పొరపాటు. చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, ఘుగ్గుస్ ప్రాంతాల్లో రెండు మూడు తరాలుగా ఉంటున్న మన కుటుంబాల్లో ఎవరినైనా పోలీసులు తీసుకుపోయారంటే మొదటి రెండు రోజుల్లో వచ్చే మాట ఒకటే: ఎవరిని పట్టుకోవాలి, ఎక్కడికి పోవాలి? ఒకరు ముంబై అంటారు, ఒకరు హైదరాబాద్ అంటారు, ఇంకొకరు ఏకంగా సుప్రీంకోర్టుకే పోదాం అంటారు. ఈ తర్జనభర్జనలో గడువులు దాటిపోతాయి. లోపల ఉన్న మనిషి లోపలే ఉంటాడు. అందుకే దీన్ని కొంచెం వివరంగా చూద్దాం.

అమెరికాలో ఎలా ఉంది?

మన పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు కనుక పోలిక కోసం చెబుతున్నాను. అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. ఒక రాష్ట్ర కోర్టు శిక్ష వేసిన మనిషి, నా రాజ్యాంగ హక్కులు ఉల్లంఘించారంటూ ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్ వేయాలంటే, ముందు ఆ రాష్ట్రంలో ఉన్న దారులన్నీ తొక్కి రావాలి. 1886 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో మొదలైన ఈ పద్ధతి తర్వాత చట్టంలోకి ఎక్కింది. 1982లో ఇంకో మెలిక పడింది. పిటిషన్‌లో పది అభ్యంతరాలు ఉండి, వాటిలో ఒక్కటి రాష్ట్ర కోర్టు ముందు పెట్టకపోయినా మొత్తం పిటిషన్ వెనక్కి పంపవచ్చన్నారు. 1996 చట్టం దానికి ఏడాది గడువు కూడా పెట్టింది. పెన్సిల్వేనియాలో 2014లో మరణశిక్ష పడిన తెలుగు యువకుడి కేసు మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ కేసు కూడా అదే వరుసలో, ముందు రాష్ట్ర సుప్రీంకోర్టుకే వెళ్లింది. 2017లో ఆ కోర్టు శిక్షను ఖాయం చేసింది. అక్కడ వరుస తప్పితే తలుపు తెరుచుకోదు.

మన రాజ్యాంగం చెప్పేది వేరు

మన దగ్గర కోర్టులన్నీ ఒకే నిచ్చెన మీద ఉన్నాయి. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లడమే ఒక ప్రాథమిక హక్కు. రాజ్యాంగానికి ఆత్మ, హృదయం ఇదేనని డాక్టర్ అంబేడ్కర్ రాజ్యాంగ సభలో అన్నది దీని గురించే. 226వ అధికరణం కింద హైకోర్టుకూ ఇలాంటి అధికారమే ఉంది. ముందు హైకోర్టుకు పోయి రావాలన్న షరతు రాజ్యాంగంలో లేదు. 1950లోనే రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది.

ఈ దారిలో జైలు నుంచే వెళ్లినవాళ్లు ఉన్నారు. నక్సల్బరీ నాయకుడు కను సన్యాల్ విశాఖపట్నం సెంట్రల్ జైల్లో ఉండగా సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. 1973లో వచ్చిన ఆ తీర్పు రెండు మాటలు చెప్పింది. మనిషిని కోర్టుకు తీసుకురాకుండానే పిటిషన్ విచారించవచ్చు. అలాగే మొదట డార్జిలింగ్‌లో పెట్టిన నిర్బంధం ఎలాంటిదన్నది ఇప్పుడు ముఖ్యం కాదు, ప్రస్తుతం ఏ ఉత్తర్వు కింద లోపల ఉన్నాడన్నదే ముఖ్యం. ఈ రెండో మాట దగ్గరే మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తింటున్నారు. దాని గురించి కింద చెబుతాను.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. మామూలు రిట్ పిటిషన్ హైకోర్టు కొట్టేస్తే, అదే విషయంపై మళ్లీ 32వ అధికరణం కింద వెళ్లడం కుదరదని 1961లో తేలింది. అయితే హెబియస్ కార్పస్‌కు ఈ అడ్డు లేదని 1967లో గులాం సర్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి స్వేచ్ఛ విషయంలో ఒక తలుపు మూసుకుంటే రెండోది మూసుకోనక్కర లేదన్నమాట.

కాగితం మీద హక్కు, ఆచరణలో వరుస

అయినా 1987 నుంచి వచ్చిన కొన్ని తీర్పులు ముందు హైకోర్టుకు వెళ్లండి అనే ధోరణి పెంచాయి. హైకోర్టు దగ్గరగా ఉంటుంది, స్థానిక విషయాలు తెలుస్తాయి, ఓడిపోతే అప్పీలుకు ఇంకో మెట్టు మిగులుతుంది, సుప్రీంకోర్టు మీద భారం తగ్గుతుంది అన్నవి కారణాలు. వాటిలో న్యాయం లేకపోలేదు.

చిక్కు ఎక్కడంటే, ఈ వరుస అందరికీ ఒకేలా అమలైనట్టు కనబడదు. 2020 నవంబరు 9న బొంబాయి హైకోర్టు ఒక టీవీ ఎడిటర్ అర్ణబ్ గోస్వామికి మధ్యంతర బెయిల్ నిరాకరించి, సెషన్స్ కోర్టుకు వెళ్లవచ్చంది. 11వ తేదీకల్లా సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. రెండు రోజులు. ఆ నెల 16న కేరళ జర్నలిస్టు సిద్దిఖ్ కప్పన్ తరఫున వేసిన హెబియస్ కార్పస్ వచ్చినప్పుడు, 32వ అధికరణం పిటిషన్లను తగ్గించాలని చూస్తున్నామని అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డే వ్యాఖ్యానించారు. ఆ పిటిషన్‌ను 2021 ఏప్రిల్‌లో, తగిన కోర్టుకు వెళ్లమంటూ ముగించారు. కప్పన్ అలహాబాద్ హైకోర్టులో ఓడి, తిరిగి సుప్రీంకోర్టుకు వచ్చాకే 2022 సెప్టెంబరు 9న బెయిల్ దొరికింది. బయటికి వచ్చింది 2023 ఫిబ్రవరిలో. ఎడిటర్ వచ్చింది హైకోర్టు ఉత్తర్వుపై అప్పీలుగా, కప్పన్ తరఫువాళ్లు వచ్చింది నేరుగా. సాంకేతికంగా తేడా ఉంది, కాదనను. అయినా రెండు రోజులకూ రెండేళ్లకూ మధ్య దూరాన్ని ఆ ఒక్క తేడా వివరించలేదు.

వరవరరావు కేసు నేర్పేది

2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో పుణె పోలీసులు వరవరరావుతో సహా ఐదుగురిని అరెస్టు చేశారు. మరుసటి రోజే చరిత్రకారిణి రొమిలా థాపర్, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. జైలుకు బదులు గృహ నిర్బంధం దొరికింది. కానీ సెప్టెంబరు 28న ఇద్దరు న్యాయమూర్తులు ప్రత్యేక దర్యాప్తుకు నిరాకరించి, నాలుగు వారాల్లో తగిన కోర్టుకు వెళ్లమన్నారు. జస్టిస్ చంద్రచూడ్ విభేదించారు.

అక్కడి నుంచి దారులు చీలాయి. గౌతమ్ నవలఖా తరఫున ఢిల్లీ హైకోర్టులో హెబియస్ కార్పస్ అప్పటికే ఉంది. అక్టోబరు 1న ఆ హైకోర్టు ట్రాన్సిట్ రిమాండు ఉత్తర్వును కొట్టేసి ఆయన గృహ నిర్బంధాన్ని ముగించింది. పోలీసుల కాగితాలు మరాఠీలో ఉన్నాయి, అనువాదం లేకుండా ఢిల్లీ మేజిస్ట్రేటు వాటిని చదివి బుర్ర పెట్టి ఉత్తర్వు ఇచ్చే అవకాశమే లేదన్నది ఆ తీర్పులో ఒక ముఖ్య విషయం. ఆ గెలుపు శాశ్వతం కాలేదు. కేసు ముందుకు నడిచి 2020 ఏప్రిల్‌లో ఆయన లొంగిపోవలసి వచ్చింది. అయినా ఏడాదిన్నర స్వేచ్ఛ దక్కింది. వరవరరావుకు హైదరాబాద్ హైకోర్టులో చివరికి ఊరట దొరకలేదు. నవంబరు 17న పోలీసులు తీసుకుపోయారు.

2020లో ఆయన ఆరోగ్యం పూర్తిగా దెబ్బ తిన్నప్పుడు భార్య 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్టోబరు 29న సుప్రీంకోర్టు తాను బెయిల్ ఇవ్వకుండా, బొంబాయి హైకోర్టును త్వరగా వినమని కోరింది. నవంబరు 18న హైకోర్టు ఆయనను నానావతి ఆసుపత్రికి మార్పించింది. 2021 ఫిబ్రవరి 22న ఆరు నెలల వైద్య బెయిల్ ఇచ్చింది. 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు దాన్ని శాశ్వతం చేసింది. అంటే నేరుగా ఢిల్లీ వెళ్లినా చివరికి తాళం తీసింది హైకోర్టే. ఢిల్లీ ప్రయాణం వృథా కాలేదు, అది హైకోర్టును కదిలించింది. కానీ హైకోర్టులో దరఖాస్తు అప్పటికే ఉండబట్టే కదిలించగలిగింది.

మన పక్క జిల్లా నుంచి సాయిబాబా కేసు

అమలాపురంలో పుట్టి ఢిల్లీలో పాఠం చెప్పిన ప్రొఫెసర్ జి.ఎన్.సాయిబాబా కేసు మనకు మరీ దగ్గరిది. 1982 దాకా మన జిల్లాలోనే భాగమైన గడ్చిరోలిలోని సెషన్స్ కోర్టు 2017 మార్చి 7న ఆయనకు యావజ్జీవం వేసింది. చక్రాల కుర్చీ లేనిదే కదలలేని, తొంభై శాతం వైకల్యం ఉన్న మనిషి నాగపూర్ జైల్లో ఉండిపోయారు. ఈ కేసులో వరుస ఎక్కడా తప్పలేదు. సెషన్స్ కోర్టు తీర్పుపై నాగపూర్ ధర్మాసనంలో అప్పీలు వేశారు. ఉపా చట్టం కింద విచారణకు ముందు తీసుకోవలసిన అనుమతి సరిగా లేదని 2022 అక్టోబరు 14న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. మర్నాడు శనివారం అయినా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపేసింది. 2023 ఏప్రిల్‌లో కేసును మళ్లీ నాగపూర్‌కే పంపింది. ఇంకో ధర్మాసనం మొదటి నుంచి విని, 2024 మార్చి 5న నేరం రుజువు కాలేదంటూ మళ్లీ విడుదల చేసింది. ఆ ఏడాది అక్టోబరు 12న సాయిబాబా హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. సహ నిందితుడు, గడ్చిరోలి ఆదివాసీ పాండు నరోటే ఈ గెలుపులు వేటినీ చూడకుండానే 2022 ఆగస్టులో పోయాడు.

ఆయన రాజకీయాలతో ఏకీభవించినా లేకున్నా, ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వరుస పాటించినంత మాత్రాన న్యాయం వేగంగా రాదు. ముందు ఫలానా కోర్టుకు పొండి అని చెప్పే వ్యవస్థ, ఆ ఫలానా కోర్టులో ఎన్ని రోజుల్లో వింటారో కూడా చెప్పాలి. సుప్రీంకోర్టు 2022 జూలైలో బెయిల్ దరఖాస్తులు రెండు వారాల్లో, ముందస్తు బెయిల్ ఆరు వారాల్లో తేల్చాలంది. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర కేసులోనే, 2019లో వేసిన ముందస్తు బెయిల్ దరఖాస్తు 2025 దాకా హైకోర్టులో పడి ఉండడం చూసి, రెండు నెలల గడువు పెట్టింది. ఈ గడువులు నిజంగా అమలైతే వరుస అనేది మెట్ల దారి అవుతుంది. అమలు కాకపోతే అది గోడే.

మన ఇంటి లెక్కలో ఏది ఎప్పుడు

హెబియస్ కార్పస్ ప్రతి అరెస్టుకూ పనికొచ్చే మందు కాదు. మనిషిని తీసుకుపోయి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టకపోతే, ఎక్కడ ఉంచారో చెప్పకపోతే అది సరైన దారి. అప్పుడు నేరుగా నాగపూర్ ధర్మాసనమే. ఒకసారి మేజిస్ట్రేటు రిమాండు ఇచ్చాక మాత్రం నిర్బంధానికి కోర్టు ఉత్తర్వు తోడైనట్టే. అప్పుడు దారి బెయిల్. ముందు మేజిస్ట్రేటు, తర్వాత సెషన్స్, ఆపైన హైకోర్టు. కను సన్యాల్ తీర్పులోని రెండో మాట ఇదే. ఆ రిమాండు పూర్తిగా చట్ట విరుద్ధమైనా, అధికారం లేనివారు ఇచ్చినా, కాగితం చూడకుండా ముద్ర కొట్టినట్టు ఇచ్చినా హెబియస్ కార్పస్ నిలుస్తుందని నవలఖా కేసులోనే 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది రుజువు చేయడం తేలిక కాదు.

ముందస్తు నిర్బంధం వేరే సంగతి. నేరం రుజువు కానక్కర లేకుండా, ముందు ముందు చేస్తాడేమోనని లోపల వేయడం. 2015 ఏప్రిల్ నుంచి 2021 వరకు మద్య నిషేధం ఉన్న మన జిల్లాలో దొంగసారా కేసుల పేరు వినని పేట లేదు. అలాంటివారి మీద వాడే చట్టం 1981 నాటి ఎంపీడీఏ. దీని కింద గరిష్ఠంగా 12 నెలలు లోపల ఉంచవచ్చు. కలెక్టరు లేదా పోలీసు కమిషనర్ ఇచ్చిన ఉత్తర్వును ప్రభుత్వం 12 రోజుల్లో ఆమోదించాలి. కారణాల పత్రం ఐదు రోజుల్లోగా చేతికి ఇవ్వాలి. ఆ 12 రోజుల్లో ఉత్తర్వు ఇచ్చిన అధికారికే విన్నపం పెట్టుకోవచ్చన్న సంగతి నిర్బంధితుడికి చెప్పాలి. చెప్పకపోతే ఉత్తర్వే నిలవదని 2000లో మహారాష్ట్ర కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. సలహా మండలి తీర్మానం దాకా ఆగనక్కర లేదు, హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చు. విన్నపం మాత్రం మానవద్దు. విన్నపం పరిశీలించడంలో ఆలస్యం జరిగితే అదే రేపు పెద్ద ఆధారం.

తెలంగాణ పీడీ యాక్టు కేసులు ఇందుకు మంచి ఉదాహరణ. 2021 ఆగస్టు 2న, 2023 సెప్టెంబరు 4న వచ్చిన తీర్పుల్లో, రాష్ట్ర హైకోర్టులో ఓడిన ఇద్దరు భార్యలు సుప్రీంకోర్టులో గెలిచారు. మామూలు నేర చట్టం సరిపోయే చోట, బెయిల్ రద్దు కోరగలిగిన చోట, ముందస్తు నిర్బంధం వాడరాదని కోర్టు గట్టిగా చెప్పింది. వాళ్లిద్దరూ హైకోర్టులో వేసిన పిటిషన్లే పైన గెలుపుకు పునాది.

తడీపార్ నోటీసు సంగతి ఇంకోలా ఉంటుంది. మహారాష్ట్ర పోలీసు చట్టం కింద జిల్లా నుంచి రెండేళ్ల దాకా వెళ్లగొట్టవచ్చు. దాని మీద 60వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికి 30 రోజుల్లో అప్పీలు ఉంది. ఇలా వేరే దారి ఉన్నచోట ముందు అది తొక్కి రమ్మని హైకోర్టు అనవచ్చు. ప్రాథమిక హక్కు పోయినా, మన మాట వినకుండా ఉత్తర్వు ఇచ్చినా, అధికారం లేనివారు ఇచ్చినా ఆ అడ్డు ఉండదని 1998 తీర్పు ఉంది. అయినా ఆ 30 రోజులు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

భాష: మన చేతిలో ఉన్న హక్కు

2025 నవంబరు 6న మహారాష్ట్ర కేసులోనే సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలను రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వెంటనే కుదరకపోతే నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందైనా రాసి ఇవ్వాలి. ముందస్తు నిర్బంధంలో ఈ సూత్రం 1962 నుంచే ఉంది. అదీ మన నాగపూర్ నుంచి వెళ్లిన కేసే. ఇంగ్లీషు రాని మనిషికి ఇంగ్లీషు కాగితాలు ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదని అప్పుడే చెప్పారు.

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. మన పిల్లలు మరాఠీ బడుల్లో చదివారు, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. వాళ్ల కేసులో మరాఠీ రాదని వాదిస్తే స్కూలు సర్టిఫికెట్టే ఎదురు సాక్ష్యం అవుతుంది. కానీ సిరోంచ, రాజురా, జివతి వైపు నుంచి వచ్చిన పెద్దలు, తెలంగాణ నుంచి పనికి వచ్చిన కూలీలు, మెట్టిన ఇంటికి వచ్చిన కోడళ్లు ఎందరో మరాఠీ అక్షరం రానివాళ్లు. వాళ్ల చేత కాగితం మీద సంతకమో వేలిముద్రో వేయించుకుంటే, చదివి వినిపించారా, ఏ భాషలో వినిపించారు అని అడగడం మన హక్కు. రిమాండు రోజునే, మేజిస్ట్రేటు ముందే ఆ మాట వకీలు చేత చెప్పించి రికార్డు చేయించాలి. ఆరు నెలల తర్వాత హైకోర్టులో మొదటిసారి చెబితే బలం తగ్గుతుంది.

సరిహద్దు గొడవ కూడా ఉంది. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పటికీ జివతి కొండల్లో రెండు రాష్ట్రాలూ మాదంటే మాదనే పల్లెలున్నాయి. చుట్టాలు అటూ ఇటూ ఉన్నారు. అటువైపు పోలీసులు ఇటు వచ్చి తీసుకుపోతే ఏ హైకోర్టు? ఘటనలో కొంత భాగమైనా ఎక్కడ జరిగితే అక్కడి హైకోర్టుకు అధికారం ఉంటుందని 226వ అధికరణం రెండో ఖండిక చెబుతుంది. కాబట్టి ఇక్కడ తీసుకుపోయి ఉంటే నాగపూర్ కూడా వినగలదు. వేరే రాష్ట్రానికి తరలించే ముందు ఇక్కడి మేజిస్ట్రేటు ట్రాన్సిట్ రిమాండు ఇచ్చాడా అన్నదే మొదట అడగవలసిన ప్రశ్న.

డబ్బు లేదని ఆగవద్దు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికీ, మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. జిల్లా న్యాయ సేవా ప్రాధికరణ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫోన్ నంబరు 15100.

నా అభిప్రాయం ఇది. ముందు కింది కోర్టు అన్నది సౌకర్యం కోసం పెట్టుకున్న పద్ధతిగానే ఉండాలి, హక్కుకు షరతు కాకూడదు. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏం చెప్పినా, స్వేచ్ఛ విషయంలో అత్యవసర తలుపు ఒకటి తెరిచి ఉంచాలి. 1976లో ఎమర్జెన్సీ కాలంలో తొమ్మిది హైకోర్టులు నిర్బంధితుల మొర వినడానికి ఒప్పుకుంటే, వాటిని కాదని తలుపు మూసింది సుప్రీంకోర్టే. జస్టిస్ ఖన్నా ఒక్కరే ఎదురు నిలిచారు. ఆ తప్పును 2017లో గాని పూర్తిగా దిద్దుకోలేదు. కాబట్టి పైకోర్టు ఎప్పుడూ గొప్పది, కిందిది ఎప్పుడూ చిన్నది అనుకోవడానికి చరిత్ర సాక్ష్యం చెప్పదు.

మనవరకు లెక్క తేలికే. బల్లార్షాలో ఎక్కితే ఢిల్లీలో దిగవచ్చు, నిజమే. కానీ ఆ బండి కూడా నాగపూర్‌లో ఆగే వెళ్తుంది. మొదటి రోజే తేదీలు, గంటలు రాసి పెట్టుకోండి, ఇచ్చిన ప్రతి కాగితం నకలు అడగండి, ఏ భాషలో ఇచ్చారో గుర్తు పెట్టుకోండి. ఏ కోర్టుకు వెళ్లినా ముందు అడిగేది అవే.